అప్‌డేట్: ఈసారి కాబ్లర్ అడుగు మాడలేదు

డచ్ ఓవెన్‌లో (మూత ఉన్న మందపాటి ఇనుప పాత్రలో) పీచ్ కాబ్లర్ (పీచ్ పండ్ల మీద పిండి వేసి కాల్చే తీపి వంటకం) చేస్తే అడుగు మాడిపోయి, పైన పచ్చిగా ఉంటోందని పోయిన నెల అడిగాను కదా. ఈ వారాంతం ఒరెగాన్‌లో, మా 1962 నాటి షాస్టా ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్లే క్యాంపింగ్ బండి) పక్కనే మళ్లీ ప్రయత్నించాను. మీరు చెప్పినట్టు మంట మీద పెట్టకుండా బొగ్గు బిళ్లలు లెక్కపెట్టాను: 12 అంగుళాల పాత్రకు కింద 8, మూత మీద 16. పావుగంటకోసారి పాత్రను ఒకవైపు, మూతను మరోవైపు పావు చుట్టు తిప్పాను. 45 నిమిషాలకు పైన చక్కని బంగారు రంగు వచ్చింది!

పక్క ట్రైలర్ పెద్దావిడ రెండుసార్లు వడ్డించుకున్నారు. భర్త పోయాక ఆమె ఒంటరిగా ట్రైలర్ లాక్కొచ్చిన మొదటి ప్రయాణమట ఇది. నిప్పు ఆరేదాకా మాట్లాడుకున్నాం. వెళ్లేటప్పుడు ఆయన వాడిన మూత ఎత్తే కొక్కెం నా చేతిలో పెట్టారు. సెప్టెంబరులో కలిసినప్పుడు ఆమెకు గుత్తి వంకాయ నేర్పాలి.