స్లో వర్మ్‌ల పెనుగులాట: పోరాటమా, జతకట్టడమా?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లో మా పెరటి కంపోస్టు కుప్ప పక్కన పరచి ఉంచిన పాత రేకును మే నెల రెండో వారంలో ఎత్తి చూసినప్పుడు, రెండు స్లో వర్మ్‌లు (చూడటానికి పాముల్లా ఉండే కాళ్ళు లేని బల్లులు) తాడు పేనినట్టు పెనవేసుకుని కనిపించాయి. ఒకటి రెండో దాని తలను, సరిగ్గా కన్ను వెనుక, నోట కరిచి పట్టుకుంది. రేకును మెల్లగా దించి గంటన్నర తరువాత మళ్ళీ చూసినా ఆ పట్టు సడలలేదు. చిక్కినది అప్పుడప్పుడు రెప్ప వేయడం తప్ప కదలడం లేదు. చంపేస్తుందేమోనన్న భయంతో విడదీయబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నేను వాటిని విడదీసి ఉండవలసిందా?

జవాబు 1:
విడదీయకపోవడమే మంచిదయిందండి. పాములకు కదిలే రెప్పలుండవు కనుక, మీరు గమనించిన ఆ రెప్పపాటే ఇది కాళ్ళు లేని బల్లి అనడానికి సాక్ష్యం. ఏప్రిల్ నుంచి జూన్ వరకు వీటికి జతకట్టే కాలం. మగది ఆడదాని తలనో మెడనో కరిచి పట్టుకుని గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. అయితే ఇదే రుతువులో మగవి ఆడవాటి కోసం ఒకదాన్నొకటి కరుచుకుంటూ పొర్లాడుతాయి కాబట్టి, రంగులు తెలియకుండా తేల్చి చెప్పలేను. రెండూ ఒకే రంగులో ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు:
లేదండి. కరిచినది గీతలేవీ లేని బూడిద గోధుమ రంగులో ఉంది, మెడ దగ్గర కొన్ని నీలి చుక్కలు కూడా ఉన్నాయి. చిక్కినదాని వీపు రాగి రంగులో ఉంది, వెన్ను పొడవునా సన్నని నల్లగీత ఉంది, పక్కలు ముదురుగా ఉన్నాయి.

జవాబు 1:
అయితే సందేహం లేదు, అది జతకట్టడమే. నీలి చుక్కలు ఎక్కువగా ముదిరిన మగవాటికే వస్తాయి. వెన్నుగీత, ముదురు పక్కలు ఆడదాని గుర్తులు. పోరాటమైతే రెండూ పెనుగులాడుతూ ఉండేవి, ఒకటి అంత నిశ్చలంగా లొంగి ఉండేది కాదు.

జవాబు 2:
ఒక్క మాట చేర్చాలనిపించింది. మీరు చెయ్యి వేసి లాగి ఉంటే, బెదిరిన జీవి తోకను వదిలేసి ఉండేదేమో. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ దీనికి పెట్టిన శాస్త్రీయ నామంలోని ‘ఫ్రాజిలిస్’ అనే మాటకు ‘పెళుసైనది’ అని అర్థం. ఊడిన తోక మళ్ళీ మొలిచినా పొట్టిగా, మొద్దుగానే ఉంటుంది, మునుపటి పొడవు రాదు. బ్రిటన్‌లో 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వీటిని కావాలని చంపడం, గాయపరచడం నేరం కూడా.

ఆ ఆడది గర్భం దాల్చి ఉంటే గుడ్లు బయట పెట్టదు, కడుపులోనే పొదిగి వేసవి చివర, ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లో, పిల్లలను కంటుంది. బంగారు రంగు వీపు మీద నల్లగీతతో ఉండే ఆ పిల్లలు వెచ్చదనం కోసం కంపోస్టులోనే దాగి ఉండవచ్చు. అందుచేత ఆ రెండు నెలలూ దయచేసి కుప్పలో పార దించకండి. ఎరువు తప్పనిసరి అయితే చేత్తో పై పొర మాత్రమే తీసుకోండి.