‘బె’కీ ‘ఈచె’కీ మధ్య ఏం పోయింది?

పాతపుస్తకం: రెండు రోజులుగా ఒక పాదం బుర్రలో తిరుగుతోంది. ఇటాలియన్ కవి డాంటే ‘డివైన్ కామెడీ’ స్వర్గఖండంలో ఎక్కడో, తను ప్రేమించిన బెయాత్రీచె పేరులో ఓ ముక్క చెవిన పడినా నా తల వంగిపోతుంది అంటాడు. ఏ ముక్క? నాకు ‘బీచె’ అని గుర్తు. పుస్తకం అటక మీద ఉంది, నిచ్చెన ఎక్కే ఓపిక లేదు.

గోదారిగట్టు: 7వ సర్గ, 14వ పాదం. ‘పుర్ పెర్ బె ఎ పెర్ ఈచె’. ‘బె’ అన్నా ‘ఈచె’ అన్నా చాలు, అంతే. మీ ‘బీచె’ డాంటేదే ఇంకో పుస్తకం, వీటా నువోవాలోది అండీ. ‘మొన్నా వాన్నా, మొన్నా బీచె’ అని వచ్చే సానెట్.

పాతపుస్తకం: నా అనుమానమూ అదే. ఫ్లోరెన్స్‌లో ఆ అమ్మాయిని పిలిచే పేరు బీచె. ఆ ముద్దుపేరునే రెండుగా విరిచాడేమో?

వ్యాకరణం మాస్టారు: ‘బె’, ‘ఈచె’ కలిపితే ‘బీచె’ రావాలంటే ఎకారాన్ని మింగాలి. ఏ సంధి సూత్రం నాయనా?

గోదారిగట్టు: ముద్దుపేర్లకి సంధి సూత్రాలేంటి మాస్టారూ? వెంకటేశ్వర్లు వెంకీ అయినప్పుడు ఎవరైనా సూత్రం అడిగారా? అయినా నేను బీచె వైపు కాదు. 14లో ‘ఈచె’తో ఆపి, 16వ పాదం చివర నిండు పేరు ‘బెయాత్రీచె’ పెట్టాడు, 18 చివర ‘ఫెలీచె’. అంటే సంతోషంగా ఉన్న అని. ప్రాస కోసం పేరు తోకని ముందే చూపించాడు.

చింతచిగురు: అసలు ఆ ‘బె’ మొదట్లో ‘బె’ కాదు, ‘వి’. లాటిన్‌లో వియాట్రిక్స్, అంటే ప్రయాణం చేసే స్త్రీ. రోమ్‌లో 303 ప్రాంతంలో అన్నల శవాల్ని పాతిపెట్టి, తర్వాత తానూ చనిపోయిన క్రైస్తవ అమరురాలి పాత పేరు అదే. తర్వాతివాళ్ళు ‘బెయాతుస్’, ధన్యజీవి అనే మాట తగిలించుకుని బెయాట్రిక్స్ చేశారు.

గోదారిగట్టు: వబయోరభేదః! వ, బలకి తేడా లేదనడం మనకి కొత్తా?

వ్యాకరణం మాస్టారు: మనకేం, వాళ్ళకీ కొత్త కాదు. చివరి రోజుల రోమన్ సమాధుల మీద ‘విక్సిత్’, అంటే బతికాడు, అనాల్సిన చోట ‘బిక్సిత్’ అని చెక్కారు. ఇక ఆ చివరి ‘-ట్రిక్స్’ మన ‘-త్రి’కి తోబుట్టువు. జనిత్రి, వాళ్ళ గెనెట్రిక్స్ పక్కపక్కన పెట్టుకోండి. కవయిత్రి అన్నప్పుడల్లా మీరు సగం లాటిన్ మాట్లాడుతున్నట్టే.

చింతచిగురు: సగం కాదు, ఇద్దరికీ ఒకే ముత్తవ్వ అనండి మాస్టారూ.

కొత్తసభ్యుడు: వియా అంటే దారి కదా. వ బ అయితే ‘బాట’ కూడా అక్కడిదేనా అండీ?

వ్యాకరణం మాస్టారు: కాదు. ఆ బాటలో వెళ్ళకండి.

కొత్తసభ్యుడు: సరే, ఇది చూడండి. బెయాత్రీచెలో ‘బె’, ‘ఈచె’ తీసేస్తే మిగిలేది ‘యాత్ర్’! డాంటే యాత్రని దాచేశాడు!

వ్యాకరణం మాస్టారు: ఆ ‘య’ మన కలం పెట్టిన యడాగమం. ఇటాలియన్‌లో అక్కడ ఉన్నది అ, త, ర, అంతే. కానీ బావుంది, ఒప్పుకుంటా.

చింతచిగురు: పేరు ముక్కలే ప్రాణం అనడం మనకి త్యాగయ్య దగ్గరే ఉంది. ‘శివ మంత్రమునకు మ జీవము, మాధవ మంత్రమునకు రా జీవము’. నమశ్శివాయలో మ తీస్తే ‘న శివాయ’, నారాయణలో రా తీస్తే ‘నాయణ’. ఆయన రెండు అక్షరాలు కలిపి పేరు కట్టాడు, డాంటే ఉన్న పేరుని విప్పాడు.

గోదారిగట్టు: ‘ఈ వివరము తెలిసిన ఘనులకు మ్రొక్కెద’. దేవామృతవర్షిణి రాగంలో ఆ పాదం అందుకుంటే ఇంక బెయాత్రీచె ఎవరికి గుర్తుంటుంది!

పాతపుస్తకం: నాకు! నా ప్రశ్న ఏమైంది? పోనీ ఇంకోటి. వీటా నువోవా మొదట్లో, ‘ఏమని పిలవాలో తెలియని చాలామంది ఆమెని బెయాత్రీచె అన్నారు’ అంటాడు కదా. పేరు తెలియకనా, పేరుకి అర్థం తెలియకనా?

వ్యాకరణం మాస్టారు: రెండో అర్థమే నాకు ఇష్టం. ఆ మాట బరువు తెలియకుండానే ‘ధన్యురాలా’ అని పిలిచేశారు.

గోదారిగట్టు: నాకు మొదటిది. పేరు తెలియకపోయినా, చూడగానే నోటికి ఆ మాటే వచ్చింది.

చింతచిగురు: మా మేనత్తకి జ్ఞానస్నానం రోజు పెట్టిన పేరు బియాట్రిస్. గుంటూరు పక్క పల్లె. ఎవరికీ నోరు తిరక్క ఊరంతా త్రేసమ్మ అనేసేవాళ్ళు. అసలు త్రేసమ్మ ఎదురింట్లో ఉండేది, ఉత్తరాలు తారుమారు.

గోదారిగట్టు: డాంటే పారేసిన ‘త్ర’ని మీ ఊరు ఏరుకుందన్నమాట.

పాతపుస్తకం: నిచ్చెన తెస్తున్నాను.