చివరి చెట్టు ప్రశ్న దగ్గర పిల్లల చర్చ ఆగిపోతోంది, తర్వాత ఏం అడగాలి?

9–11 ఏళ్ల పిల్లలు పన్నెండు మంది, గుండ్రంగా కూర్చుని 45 నిమిషాల తాత్విక చర్చ. పద్ధతి, పిల్లలతో తాత్విక చర్చలు జరపడానికి 1970లలో అమెరికన్ తత్వవేత్త మాథ్యూ లిప్‌మన్ మొదలుపెట్టిన బాటలోదే: చిన్న కథ, నిమిషం మౌనం, ఇద్దరిద్దరుగా ప్రశ్నలు రాయడం, ఓటు, ఆపైన పాతిక నిమిషాల మాట. స్నేహం, న్యాయం లాంటివి బాగానే నడుస్తాయి. పర్యావరణం అనగానే మూడు నిమిషాల్లో "చెట్లు నరకకూడదు" అని తేల్చేస్తారు. పెద్దవాళ్లకి ఏ జవాబు కావాలో వాళ్లకి ముందే తెలుసు మరి!

అందుకని తత్వవేత్త రిచర్డ్ రౌట్లీ 1973లో వేసిన 'ఆఖరి మనిషి' చిక్కుముడిని కుదించి వాడుతున్నాం. భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క మనిషి, పోయేముందు ఆఖరి చెట్టును నరికేస్తే తప్పా?

"ఆక్సిజన్ పోతుంది." పీల్చేవాళ్లు లేరు కదా. "పక్షుల గూళ్లో?" పక్షులూ లేవనుకోండి. ఇక్కడికొచ్చేసరికి సగంమంది "అయితే ఏం కాదు" అంటారు. మిగతావాళ్లు "అయినా తప్పే" అని మొండికేస్తారు, కారణం మాత్రం రాదు.

"ఎవరికి నష్టం?" అని అడిగితే, నష్టం ఎవరో ఒకరికి జరిగితేనే తప్పు అని మనమే ఒప్పించినట్టవుతుంది. "చెట్టుకి మంచీ చెడూ ఉంటాయా?" అంటే, చెట్టుకి నొప్పి తెలుస్తుందా అనే సైన్సు వాదనలోకి జారిపోతారు. ఎటూ మొగ్గని మూడో ప్రశ్న ఏదైనా వాడి చూసినవాళ్లున్నారా?

ఇంకోటి, "అందరూ చచ్చిపోయారు" అనే ఊహకి చిన్నపిల్లలు బెదురుతారు. తిరిగి ఎవరూ రాని దీవిని వదిలి వెళ్తున్నట్టు మారిస్తే ప్రశ్న పదును తగ్గుతుందా?