చిన్న వెబ్ అప్లికేషన్‌కు రాకెట్ భాష వాడవచ్చా?

కొత్తచిగురు:
మా బృందంలో అందరం కలిసి వాడుకునే కెమెరాలు, మైకులు, ట్రైపాడ్‌లు ఉన్నాయి. ఏది ఎవరి దగ్గర ఉందో, ఎప్పుడు తిరిగి వస్తుందో చూపే చిన్న వెబ్ అప్లికేషన్ రాయాలి. లాగిన్, వస్తువుల జాబితా, తేదీలు ఎంచుకుని బుక్ చేసుకునే ఫారం, తిరిగి ఇచ్చినట్టు నమోదు, ఇంతే. వాడేవాళ్లు యాభై మందికి మించరు. నాకు రాకెట్ బాగా వచ్చు (లిస్ప్ వంశంలో స్కీమ్ కుటుంబానికి చెందిన ప్రోగ్రామింగ్ భాష, 2010 వరకు పీఎల్‌టీ స్కీమ్ అనేవారు). పైథాన్ ఓ మాదిరిగా వచ్చు. రాకెట్‌లో రాస్తానంటే తోటివారు వద్దంటున్నారు. ఎందుకంటే మాత్రం "అది ఎవరూ వాడరు కదా" అనడం తప్ప మరో మాట లేదు. అసలైన కారణాలు ఏమైనా ఉన్నాయా?

పాతకాపు:
మీరు కొట్టిపారేసిన ఆ మాటే అసలైన కారణం. ఎవరూ వాడని భాషలో దారి తప్పితే అడగడానికి మనిషి దొరకడు. రెడిట్ సంగతి చూడండి. 2005లో కామన్ లిస్ప్‌లో మొదలైంది, ఆ ఏడాది డిసెంబరుకే పైథాన్‌లో తిరగరాశారు. రాసినవాళ్లకు లిస్ప్ రాక కాదు. నలుగురూ వాడి, దెబ్బలు తిని, గట్టిపడిన లైబ్రరీలు అందులో లేక.

మీ పనిలో లాగిన్ ఉందన్నారు. పాస్‌వర్డ్‌ను భద్రపరచే పద్ధతి పీహెచ్‌పీ అనే వెబ్ భాషలో 2013 నుంచి భాషతోనే వస్తోంది, ఒక్క ఫంక్షన్ పిలిస్తే చాలు. పైథాన్‌లో వెబ్ సైట్లు కట్టే జాంగో అనే చట్రంలో వినియోగదారుల పట్టిక, లాగిన్ పేజీ, నిర్వాహకుల పేజీలు అన్నీ సిద్ధంగా ఉంటాయి. మీరు చెప్పిన పనిలో సగం అక్కడే అయిపోయింది. రాకెట్‌లో ఇవన్నీ మీరే అతుక్కోవాలి. పైగా మీరు బృందం వదిలి వెళ్లిన మర్నాడు ఆ కోడ్‌ను తెరిచేది ఎవరు?

కుండలీకరణం:
పాతకాపు గారు రెడిట్ కథను సగంలో ఆపారు. అది లక్షల మంది కోసం కట్టిన సైటు. ఇక్కడ అడుగుతున్నది యాభై మంది వాడే చిట్టా పుస్తకం.

రాకెట్‌తో పాటే వెబ్ సర్వర్ వస్తుంది. పేజీ ఇచ్చే ఒక ఫంక్షన్ రాసి 'సర్వ్/సర్వ్‌లెట్' అనే ఫంక్షన్‌కు అందిస్తే చాలు, 8000 పోర్టులో సర్వర్ లేస్తుంది, బ్రౌజర్ దానంతట అదే తెరుచుకుంటుంది. పేజీని జాబితాల రూపంలో రాస్తారు కాబట్టి వినియోగదారు టైప్ చేసిన మాటల్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగులు ఉన్నా అవి మాటలుగానే కనిపిస్తాయి, స్క్రిప్టులుగా నడవవు. డేటాబేస్ లైబ్రరీ కూడా అందులోనే ఉంది. ఎస్‌క్యూలైట్, పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ అనే మూడు డేటాబేస్‌లకూ పనికొస్తుంది.

అసలు సొగసు 'సెండ్/సస్పెండ్' అనే ఫంక్షన్‌లో ఉంది. ఫారం పంపి జవాబు కోసం ఆగినట్టు రాస్తారు. వినియోగదారు మీట నొక్కగానే ప్రోగ్రామ్ ఆగిన చోటి నుంచే, అప్పటి విలువలతోనే కదులుతుంది. కెమెరా ఎంచుకోవడం, తేదీలు ఇవ్వడం, నిర్ధారించడం ఈ మూడు పేజీలను ఒకే ఫంక్షన్‌లో మూడు వరుసలుగా రాయవచ్చు. ఒకే మనిషి రెండు ట్యాబుల్లో రెండు వేర్వేరు వస్తువులు చూస్తున్నా ఒకదాని విలువ మరొకదానిలోకి జారదు. ఎంపికను సెషన్‌లో (ట్యాబులన్నిటికీ కలిపి ఒక మనిషికి ఉండే ఒకే గుర్తులో) దాచే సైట్లలో మొదటి ట్యాబులో కెమెరా చూసి, రెండో ట్యాబులో మైకు తెరిచి, మళ్లీ మొదటిదానికి వచ్చి నొక్కితే మైకు బుక్ అయిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను.

నిశాచరి:
సర్వర్లు పడిపోతే రాత్రిళ్లు లేచేది నేను కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. కుండలీకరణం గారు మెచ్చుకున్న ఆ ఆగిన చోటు, అంటే కంటిన్యుయేషన్, మామూలుగా సర్వర్ మెమరీలో ఉంటుంది. కోడ్ మార్చి సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే సగంలో ఉన్న ఫారాలన్నీ పోతాయి. మెమరీ వాడకం 128 మెగాబైట్లు దాటినా పాతవాటిని తీసేయడం మొదలుపెడుతుంది. ఆ పరిమితిని మార్చుకోవచ్చు, కానీ అది ఉందని ముందు తెలియాలి కదా.

ఇది కొత్త జబ్బేమీ కాదు. హ్యాకర్ న్యూస్ అనే సాంకేతిక వార్తల సైటును ఆర్క్ భాషలో రాశారు, ఆర్క్‌ను రాకెట్ పూర్వరూపం మీద కట్టారు. అక్కడ 'లింక్ తెలియదు లేదా గడువు తీరింది' అన్న సందేశం చాలాకాలం పాఠకులను సతాయించింది. కారణం ఇదే తరహాది: లింకు వెనుక సర్వర్ మెమరీలో ఒక ఫంక్షన్ కూర్చుని ఉండటం.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. లాగిన్ అయిన మనిషి ఎవరన్న విలువ కూడా ఆ కంటిన్యుయేషన్‌లోనే ఉంటే, చిరునామా పట్టీలోని లింకును స్నేహితుడికి పంపిన క్షణాన అతను మీ పేరుతో లోపలికి వచ్చేస్తాడు. ఆ లింకును ఊహించి కనిపెట్టడం కష్టమే. పంపడం మాత్రం చాలా తేలిక.

పాతకాపు:
ఇదే నేను చెప్పేది. జాంగోలో ఇలాంటి గుంటలు ఎక్కడున్నాయో ఎందరో పడి, లేచి, రాసి పెట్టారు.

కుండలీకరణం:
నిశాచరి గారి రెండో మాట నూటికి నూరు పాళ్లు నిజం. మందు కూడా అందులోనే ఉంది: సంతకం చేసిన కుకీలకు (బ్రౌజర్ దాచుకుని ప్రతిసారీ తిరిగి పంపే, ఎవరూ మార్చలేని చీటీలకు) రాకెట్ వెబ్ లైబ్రరీలో ఏర్పాటు ఉంది. మనిషి ఎవరన్నది కుకీ నుంచి ప్రతి అభ్యర్థనలోనూ చదవాలి, 'సెండ్/సస్పెండ్' నుంచి తిరిగి వచ్చాక కూడా. వేరే మనిషి అని తేలితే ఆపేయాలి. నాలుగు వరుసల పని.

మొదటి మాటకు '#లాంగ్ వెబ్-సర్వర్' అనే మాండలికం ఉంది, అందులో కంటిన్యుయేషన్‌ను మెమరీలో ఉంచకుండా బయటికి రాసేయవచ్చు. కానీ కొత్తవారికి దాన్ని సిఫారసు చేయను. మామూలు రాకెట్‌లో రాసిన లైబ్రరీ ఫంక్షన్‌కు మీ ఫంక్షన్‌ను అప్పగించి, దాని లోపల 'సెండ్/సస్పెండ్' పిలిస్తే పనిచేయదు. ఎందుకు పనిచేయలేదో అర్థం చేసుకోవడానికే ఒక పూట పడుతుంది.

అడ్డుగీత:
మీరంతా భాష గురించి కొట్టుకుంటున్నారు. ఇద్దరు ఒకే క్షణాన ఒకే కెమెరాను బుక్ చేస్తే ఏమవుతుందో ఒక్కరూ అడగలేదు. "ఖాళీగా ఉందా?" అని చూడటానికి, "రాసెయ్" అనడానికి మధ్య ఉన్న సందులో రెండో మనిషి దూరతాడు. ఏ భాషలో రాసినా ఇది తప్పదు.

తేదీల పరిధులు కాబట్టి మామూలు యూనిక్ నిబంధన (ఒకే విలువ రెండుసార్లు రాకుండా ఆపేది) సరిపోదు. 5 నుంచి 9 వరకు ఒక బుకింగ్, 7 నుంచి 12 వరకు మరొకటి ఉంటే రెండు వరుసలూ వేర్వేరే, అయినా గొడవ ఖాయం. ఒకదాని మొదలు రెండోదాని చివరకంటే ముందు, రెండోదాని మొదలు ఒకదాని చివరకంటే ముందు ఉంటే అవి ఢీకొన్నట్టు. పోస్ట్‌గ్రెస్‌లో దీన్ని పరిధి రకంతో, ఎక్స్‌క్లూజన్ నిబంధనతో (ఢీకొనే వరుసలను రానివ్వనిది) పట్టికకే అప్పగించవచ్చు. ఎస్‌క్యూలైట్ అయితే ట్రాన్సాక్షన్‌ను (అన్నీ కలిసి జరిగే, లేదా ఏదీ జరగని పనుల కట్టను) 'ఇమ్మీడియట్'గా మొదలుపెట్టండి, రాసే హక్కు మొదట్లోనే చేతికి వస్తుంది. ఆ తర్వాతే వెతకాలి, రాయాలి. రాకెట్ డేటాబేస్ లైబ్రరీలో ట్రాన్సాక్షన్‌కు ఆ ఎంపిక ఉంది.

నిశాచరి:
దీనికి ఒక జత. ఆ ట్రాన్సాక్షన్ తెరిచి ఉండగా 'సెండ్/సస్పెండ్' పిలవకండి. వినియోగదారు ఫారం తెరిచి భోజనానికి వెళ్తే ఆ తాళం అలాగే ఉండిపోతుంది. అన్ని ప్రశ్నలూ అయ్యాక, చివర్లో మాత్రమే ట్రాన్సాక్షన్.

కొత్తచిగురు:
అందరికీ ధన్యవాదాలు. పాతకాపు గారు అడిగిన "మీరు వెళ్లాక ఎవరు తెరుస్తారు" అన్న ప్రశ్నను మా వాళ్ల ముందు పెట్టాను. ఇప్పుడు వాడుతున్న స్ప్రెడ్‌షీట్‌ను కూడా నేను తప్ప ఎవరూ ముట్టుకోవడం లేదని తేలింది. కాబట్టి రాకెట్‌లోనే రాస్తున్నాను, కొన్ని కట్టుబాట్లతో. వస్తువు పేజీ, బుకింగ్ పేజీ మామూలు చిరునామాలతో ఉంటాయి, సర్వర్ ఆగి లేచినా పనిచేస్తాయి. 'సెండ్/సస్పెండ్' బుకింగ్ చేసే మూడు అడుగులకు మాత్రమే. అక్కడ లింకు చచ్చిపోతే తేదీలు మళ్లీ ఎంచుకోవాలి, అంతకుమించి నష్టం లేదు. పాస్‌వర్డ్‌లు నేను దాచను. బృందానికి ఇప్పటికే ఒక లాగిన్ సర్వర్ ఉంది, ఎన్‌జిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ నా అప్లికేషన్ ముందు నిలబడి ఆ లాగిన్ సర్వర్‌తో తేల్చుకుని పేరు మాత్రం లోపలికి పంపుతుంది.

పాతకాపు:
పాస్‌వర్డ్‌లు బయట పెట్టడం తెలివైన పని. నా అభ్యంతరంలో సగం దానితో తీరింది. మిగతా సగం అలాగే ఉంది, ఉండనివ్వండి. ఎన్‌జిన్ఎక్స్ పంపే పేరును నమ్ముతున్నారు కాబట్టి రాకెట్ సర్వర్ 127.0.0.1 మీద, అంటే అదే యంత్రం లోపలి నుంచి వచ్చేవాటిని మాత్రమే వినాలి. లేకపోతే ఎవరైనా నేరుగా 8000కు వచ్చి తనకు నచ్చిన పేరు పంపుతారు.

కుండలీకరణం:
'సర్వ్/సర్వ్‌లెట్' మొదటి నుంచీ అక్కడే వింటుంది. మీరు మార్చకుండా ఉంటే చాలు.

కొత్తచిగురు:
మార్చను. పట్టికల నమూనా రేపు ఇక్కడ పెడితే చూస్తారా పాతకాపు గారూ?

పాతకాపు:
పెట్టండి. ముందు ఒక సంగతి తేల్చుకోండి: గడువు దాటినా తిరిగి ఇవ్వని వస్తువును తర్వాతి మనిషి బుక్ చేసుకోవచ్చా? అది తెలియకుండా 'తిరిగి ఇచ్చిన తేదీ' అన్న కాలమ్ ఎలా గీసినా మళ్లీ చెరపాల్సిందే.