32 అడుగుల పడవకి 9 టన్నుల బరువెందుకు?

కావలి_అచ్చుపని: జువ్వలదిన్నె వైపు ఫైబర్ బోట్లు పోసే షెడ్డులో పని నాది. వెస్ట్‌సెయిల్ 32 అనే తెరచాప పడవ కొలతలు చూశా. పొడవు 32 అడుగులు, వెడల్పు 11, బరువు దాదాపు 9 టన్నులు! అందులో 3 టన్నుల పైన, పడవ ఒరగకుండా అడుగున వేసిన బరువు దిమ్మేనంట. అంత పొడవున్న మా బోట్లను మనుషులే తోసి ఒడ్డెక్కిస్తారు. ఇంత బరువెందుకన్నా?

పాత_సరంగు, ఒంగోలు: తమ్ముడూ, మీ బోటు తెల్లారుజామున పోయి ఇంటికొచ్చేది. వలలు, ఐసు, డీజిలు ఉంటే చాలు. ఇది ఇద్దరు మనుషులు నెలలకు సరిపడా నీళ్ళు, బియ్యం, పనిముట్లు వేసుకుని సముద్రాలు దాటేది. తేలిక పడవలో టన్నున్నర సరుకేస్తే దిగబడి నడకే పోద్ది. దీనికి అదొక లెక్క కాదు. పైగా అల తగిలితే ఎగిరిపడదు, నిదానంగా లేచి దిగుద్ది. పొయ్యి మీద గిన్నె నిలవాలన్నా, రాత్రి కునుకు పట్టాలన్నా అదే కావాలి.

దీని వంశం నార్వేది. తుఫానులో చేపల పడవలను కాపాడేందుకు కాలిన్ ఆర్చర్ గీసిన పడవలు, ముందూ వెనకా మొన తేలి ఉంటాయి. 1920ల్లో అమెరికాలో విలియం అట్కిన్ వాటిని కుదించి ఎరిక్ నమూనా గీశాడు. బొంబాయిలో టేకుతో కట్టిన సుహైలి అనే పడవ ఆ నమూనాదే. ఇంగ్లండు నావికుడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అందులో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా 312 రోజుల్లో ప్రపంచం చుట్టి 1969 ఏప్రిల్ 22న ఇంగ్లండు రేవు ఫాల్మత్‌లో దిగాడు. ఆ నమూనానే 1970ల్లో ఫైబర్‌లో పోస్తే వెస్ట్‌సెయిల్.

నెల్లూరు_గాలి: పెద్దాయన మురిపెం బానే ఉంది గానీ, చిరుగాలికి ఇది కదలదు. ఎదురుగాలికి పోవాలంటే ఏడుపే. ఎన్ని చాపలెత్తినా 7 నాట్ల దగ్గర, అంటే గంటకి 13 కిలోమీటర్ల దగ్గర ఆగిపోద్ది. బరువుంటే బోల్తా పడదనీ కాదు. 2018లో మన నేవీ నావికుడు అభిలాష్ టామీ ఎక్కిన తురియా పడవ, గోవాలో సుహైలిని చూసి కట్టిందే. దక్షిణ హిందూ మహాసముద్రంలో తిరగబడి తెరచాప కొయ్యలు విరిగాయి, ఆయన నడుం దెబ్బతింది.

పాత_సరంగు, ఒంగోలు: బోల్తా పడదని నేనెక్కడన్నానయ్యా? 1991 అట్లాంటిక్ తుఫానులో సటోరి అనే వెస్ట్‌సెయిల్ 32 నుంచి మనుషుల్ని అమెరికా కోస్ట్‌గార్డ్ తీసుకెళ్ళింది. ఎవరూ లేని ఆ పడవ తేలుకుంటూ పోయి మేరీల్యాండ్ ఒడ్డున ఆగింది. నా దృష్టిలో అదీ పడవంటే.

కావలి_అచ్చుపని: మా మొగ, అదే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటుద్దా అన్నా?

పాత_సరంగు, ఒంగోలు: 5 అడుగులు నీళ్ళలో మునిగే ఉంటది. ఇసుక మేటేసిందంటే మొగలోనే కూర్చుంటది. లోతు కావాలంటే కృష్ణపట్నమే.