సమస్యాపూరణం: “శత్రువే లేని యుద్ధాన సైన్య మోడె”

ఛందస్సు తేటగీతి. యతి శ–సై: శషసలకు మైత్రి, అ–ఐలకు మైత్రి. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు.

సందర్భం: గ్రీసు. 1967 ఏప్రిల్ 21న కల్నల్స్ గద్దెనెక్కారు. సైన్యం టీవీ అంతకు ముందే, 1966లో మొదలైంది. నికోస్ పెరాకిస్ 1984లో తీసిన హాస్యచిత్రంలో నిర్బంధ సేవ చేసే జవాన్లు పనిచేసేది ఈ సైన్యం టీవీలోనే. పూరణలో వాళ్లు కనిపించాలి, నవ్వు రావాలి.

పూరణ 1
కల్నలుల పాలనను మెచ్చు కథలు నింపి
తెరను గెలువంగ బోయిరి; తెలిసి జనులు
నవ్వి టీవీల మీటల నణచి రిట్లు
శత్రువే లేని యుద్ధాన సైన్య మోడె

విమర్శ: గణాలు, యతులు సరే. చిక్కంతా “కథలు” దగ్గరే. ఆ చానల్లో 1971–74 మధ్య వచ్చిన ‘అజ్ఞాతయుద్ధం’ ధారావాహికకు జనం టీవీలకు అతుక్కుపోయారు. కథతో సైన్యం ఓడలేదు, గెలిచింది! “కథలు” తీసి “కబురు” పెట్టండి. అదీ నగణమే, యతి చెడదు, నవ్వు వార్తల మీదికి పోతుంది. పైగా జవాన్లు ఎక్కడ?

పూరణ 2
థియొడొరాకిసు పాటల తీసివేయ
నాజ్ఞ పదమూడు వచ్చిన నతని బాణి
నీల వేస్తూ కెమెరాల నీడ్చె భటుడు
శత్రువే లేని యుద్ధాన సైన్య మోడె

విమర్శ: భావానికి చప్పట్లు. గ్రీకు స్వరకర్త థియొడొరాకిస్ పాటల్ని నిషేధించిన 1967 జూన్ 1 నాటి సైనిక ఆజ్ఞ సంఖ్య నిజంగానే 13. పాట రికార్డుల్ని బీరువాలో పెట్టి తాళం వేయొచ్చు, ఈలకు తాళం ఎక్కడ వేస్తారు? కానీ మూడో పాదం కుంటింది. “వేస్తూ” రెండు గురువులు, ఇంద్రగణం కాదు. “వేయుచు” అంటే భగణం, సరిపోతుంది. మిగతా పద్యం గ్రాంథికంలో నడుస్తుంటే “వేస్తూ” ఎటూ పొసగదు.

కవి: సవరించాను. “నీల వేయుచు కెమెరాల నీడ్చె భటుడు.”

పూరణ 3
ఖాళి తూటాలు పేల్చిరి కదన మనుచు
రీలు పెట్టని కెమెరాకు రెప్ప పడదు
దండనాథుడు చూడగా దక్కె సున్న
శత్రువే లేని యుద్ధాన సైన్య మోడె

విమర్శ: ఇంతవరకు సమస్యను అసలైన అర్థంలో విప్పింది ఇదే. ఉత్తుత్తి యుద్ధం కాబట్టి శత్రువు లేడు. రీలు లేదు కాబట్టి ఓటమి. “ఖాళీ”ని “ఖాళి”గా కుదించడం పద్యంలో చెల్లుతుంది. రెండో పాదం మాత్రం యంత్రానికి విరుద్ధం. ఫిల్ము ఉన్నా లేకపోయినా మోటారు తిరిగితే షట్టరూ తిరుగుతుంది, సెకనుకు 25 సార్లు రెప్ప పడుతుంది. అందుకే శబ్దాన్ని బట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒకవేళ రీలు పెట్టినా, 16 మి.మీ. వంద అడుగులది 2 నిమిషాల 40 సెకన్లకే అయిపోతుంది. కవాతు మధ్యలో మార్చుకోవాల్సిందే.

కవి: అయితే “రీలు పెట్టని కెమెరాకు రెప్పె మిగిలె”?

విమర్శ: రీ–రె యతి నిలిచింది, చివర నగణం. తీసుకున్నాం.