వారం మెనూ ముందే రాసుకుంటే సరుకుల ఖర్చు తగ్గుతుందా? బెంగళూరు వాళ్లు చెప్పండి

కాడుగోడి_కుర్రోడు:
సరుకుల బిల్లు చూసి ఏడవని ఇల్లు ఈ ఊళ్లో లేదు కాబట్టి మా ఇంట్లో పనిచేసిన పద్ధతి చెబుతున్నా. శనివారం రాత్రి ఫ్రిజ్‌లో ఏం మిగిలిందో చూస్తాం. దాన్ని బట్టి వారం మెనూ, మెనూని బట్టి చీటీ. ఆదివారం పొద్దున ఒక్కసారే కొనడం. త్వరగా వాడిపోయేవి ముందు వండేస్తాం: సోమ, మంగళ ఆకుకూరలు, తర్వాత బెండ, దొండ, బీన్స్, వారం చివరికి గుమ్మడి, కంద, బంగాళాదుంప. మధ్యలో డెలివరీ యాప్ ముట్టకూడదు. కొత్తిమీర కట్ట కోసం తెరిస్తే డెలివరీ చార్జి తప్పించుకోడానికి చిప్స్, ఐస్‌క్రీం కూడా బుట్టలో వేస్తాం. నెలకు 14,000 అయ్యేది ఇప్పుడు 11,000కు వచ్చింది. మెనూ లేకుండా పొదుపు లేదని నా వాదన. కాదంటే కారణం చెప్పండి.

పద్మక్క_మడివాళ:
కారణం ఒకటే, మీరు తిరగేసి చేస్తున్నారు. మెనూ రాసుకుని మార్కెట్‌కు వెళ్తే అంగడివాడు చెప్పిన రేటుకు కొనాల్సిందే. నేను మడివాళ మార్కెట్‌కు సాయంత్రం వెళ్తాను. ఆ రోజు ఏది కుప్పలుగా పడి ఉందో, ఏది లేతగా ఉందో చూసి సంచిలో వేసుకుంటాను. మెనూ ఆ సంచిలోంచి పుడుతుంది. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది, గుర్తుందా? పక్కనే కోలారు, అటు మదనపల్లె, ఇంత టమాటా పండే చోట ఉండి కూడా. ఆ వారం మీ కాగితంలో టమాటా పప్పు రాసి ఉంటే ఏం చేసేవారు? నేను చింతపండు వేసి దోసకాయ పప్పు చేశాను. ఇంట్లో ఎవరూ అడగలేదు.

సోనామసూరి:
అసలు పొదుపు కూరగాయల్లో కాదు, బియ్యంలో ఉంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ. అందుకే మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తా తెచ్చారు. 5 కిలోల ప్యాకెట్లు కొనేవాళ్లు మెనూల గురించి మాట్లాడకండి.

కాడుగోడి_కుర్రోడు:
అక్కా, టమాటా వంద అయితే మెనూ మార్చుకుంటాం. అదేమైనా శిలాశాసనమా? హాప్‌కామ్స్ (రైతుల సహకార సంఘం) అంగట్లో ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి పెడతారు. మెనూ రాసే ముందు అటుగా వెళ్లి ఒకసారి చూసుకుంటే చాలు.

పద్మక్క_మడివాళ:
శనివారం రాసి, ఆదివారం మార్చి, బుధవారం మళ్లీ మార్చితే దాన్ని మెనూ అంటారా? మేమందరం చేసేది అదేగా, కాగితం లేకుండా.

బీటీఎం_బ్యాచిలర్:
టమాటా లేకుండా రసం పెట్టేవాళ్లను నమ్మకండి.

పద్మక్క_మడివాళ:
చింతపండు చారు తాగి పెరగలేదా నువ్వు?

బీటీఎం_బ్యాచిలర్:
మాకో మెనూ అనుభవం ఉంది. ఫ్లాట్‌లో నలుగురం. ఒకడు మెనూ రాసి, ఖర్చు నాలుగు భాగాలు చేశాడు. వాడికి ఆఫీసులో మధ్యాహ్నం భోజనం ఫ్రీ అని మాకు తర్వాత తెలిసింది. రాత్రి మాత్రం రెండు ప్లేట్లు లాగేవాడు. వాడి మెనూలో వారానికి మూడు రోజులు పనీర్. ఆ రోజు నుంచి ఎవడైనా మెనూ అంటే నేను పర్సు జేబులో లోపలికి నెట్టుకుంటా.

సోనామసూరి:
26 కిలోల బస్తా గురించి ఒక్కరూ మాట్లాడరేం?

హెచ్ఎస్ఆర్_హేమ:
ఇద్దరున్న ఇంట్లో 26 కిలోలు పెడితే సగం పురుగులకే. వేపాకు వేసినా ఆగలేదు. 5 శాతం మిగిల్చి 50 శాతం పావురాలకు పోశాం.

కాడుగోడి_కుర్రోడు:
విషయానికి వద్దాం. మెనూ ఉంటే పారబోసేది తగ్గుతుంది. ఫ్రిజ్ అడుగు ట్రేలో నల్లగా నీరు కారుతున్న కొత్తిమీర, మెత్తబడిన కీర దోసకాయ మీ ఇంట్లో లేవని చెప్పండి అక్కా.

పద్మక్క_మడివాళ:
లేవు. రోజూ వండే మనిషికి ట్రేలో ఏముందో తెలుస్తుంది.

ఇంకో మాట చెప్పాలి, ఎవరూ నొచ్చుకోకండి. ఇక్కడే బెంగళూరులో మా తమ్ముడింటికి అమ్మను కంటి పరీక్షకని తీసుకెళ్లాను. ఫ్రిజ్ మీద చార్టు అంటించి ఉంది. రాత్రి భోజనాల వేళ మరదలు వచ్చి, "వదినా, ఇవాళ చపాతీలు ఎనిమిదే చేశాం, మీరిద్దరూ వస్తారని లెక్కలో లేదు" అంది. అమ్మ ఆకలి లేదని పెరుగన్నం తిని పడుకుంది. మెనూలు రాసుకునే ఇళ్లు ఎలా ఉంటాయో నాకు ఆ రోజే అర్థమైంది. మన ఇళ్లలో ఎప్పుడూ ఒక మనిషికి ఎక్కువే వండుతారు. దాన్ని వృథా అని ఎవరూ అనలేదు.

కాడుగోడి_కుర్రోడు:
మీ మరదలి కోపం నా మీద చూపించకండి. నేను అడిగింది సరుకుల ఖర్చు, మీరు చెప్పేది చుట్టాల మర్యాద.

పద్మక్క_మడివాళ:
రెండూ ఒకే గిన్నెలోవి నాయనా. మీ ఇంటికి చెప్పకుండా ఎవరైనా వస్తే ఏం పెడతారు? మెనూ చూపిస్తారా?

కాడుగోడి_కుర్రోడు:
అయితే వినండి, వినకుండా తీర్పులు ఇస్తున్నారు కాబట్టి. మా ఇల్లు వైట్‌ఫీల్డ్ సత్యసాయి ఆసుపత్రికి దగ్గర. అక్కడ గుండె ఆపరేషన్ ఉచితం, చాలా గొప్ప సంగతి, కాదనను. కానీ అనంతపురం, కడప నుంచి మా వైపు, మా ఆవిడ వైపు, ఊరివాళ్లు, ఊరివాళ్ల వియ్యంకులు, అందరికీ మా ఇల్లే సత్రం. ఒకాయన పేరు కూడా తెలియకుండా వారం భోజనం పెట్టాం. మా ఆవిడ ఉద్యోగం చేస్తుంది. పొద్దున ఐదింటికి లేచి ఆరుగురికి టిఫిను, క్యారేజీ కట్టి ఎనిమిదింటికి క్యాబ్ ఎక్కుతుంది. మెనూ ఫ్రిజ్ మీద పెట్టాక జనం ముందు ఫోన్ చేసి వస్తున్నారు. కొందరు మానేశారు. నేను బాధపడలేదు.

హెచ్ఎస్ఆర్_హేమ:
అబ్బా. ఇప్పటికి అసలు సంగతి బయటపడింది.

ధర్మవరం_దారం:
నాన్నకు వాల్వ్ మార్చినప్పుడు మేమూ అలాగే ఒకరింట్లో ఉన్నాం, దూరపు చుట్టాలు. ఆవిడ పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చేది, ఒక్కరోజూ మొహం ముడుచుకోలేదు. ఊరికి వెళ్లాక బస్తా వేరుశెనక్కాయలు పంపాం. ఇంకేం చేయగలం?

కాడుగోడి_కుర్రోడు:
మాకు ఎవరూ వేరుశెనక్కాయలు పంపలేదు.

పద్మక్క_మడివాళ:
మీ ఆవిడ కష్టం అబద్ధమని నేను అనను. ఐదింటికి లేచే ఆడదాని సంగతి నాకు చెప్పక్కర్లేదు. కానీ అది మొదట్లోనే చెప్పాల్సింది. మీ 3,000 మిగిలింది మెనూ వల్ల కాదు, తినేవాళ్లు తగ్గినందువల్ల. ఊళ్లో మిగతావాళ్లకు మెనూ రాసుకోండని సలహా ఇస్తే వాళ్లకు ఏం మిగులుతుంది?

కాడుగోడి_కుర్రోడు:
లెక్క ఉంది, పెడుతున్నా. 2025 ఫిబ్రవరిలో కూరగాయలు 4,200, బియ్యం పప్పులు నూనె 6,300, పాలు పెరుగు 3,500. ఇప్పుడు కూరగాయలు 3,500, బియ్యం పప్పులు నూనె 5,100, పాలు పెరుగు 2,400. కూరగాయల్లో 700 తేడా వచ్చిందా లేదా?

పద్మక్క_మడివాళ:
వచ్చింది. మరి పాలలో 1,100 ఎలా వచ్చింది? మీ మెనూలో పాలు లేవు. పైగా 2025 ఏప్రిల్‌లో నందిని పాలు లీటరుకు 4 రూపాయలు పెరిగాయి. ధర పెరిగినా బిల్లు తగ్గిందంటే కాఫీలు తగ్గాయి. కాఫీలు తాగే జనం తగ్గారు.

బీటీఎం_బ్యాచిలర్:
అక్క ఆడిటర్ అని ఎవరూ చెప్పలేదే.

సోనామసూరి:
బియ్యంలో 1,200 తగ్గిందిగా. బస్తా ఎన్ని కిలోలది?

కాడుగోడి_కుర్రోడు:
పాలు పక్కన పెట్టండి. చుట్టాలు రాని నెలల్లో కూడా మేము కూరగాయలు పారబోసేవాళ్లం, ఇప్పుడు పారబోయడం లేదు. ఆ 700 మెనూదే. ఇక మిగతాదంటారా, చుట్టాలను తగ్గించుకోవడం కూడా ఒక పొదుపే అనుకోండి. మా ఆవిడ నిద్ర ఖరీదు మీ లెక్కలో ఏ వరసలో వేస్తారు?

పద్మక్క_మడివాళ:
అది వేయండి, నేను ఒప్పుకుంటాను. "చుట్టాలు తగ్గితే మా ఆవిడకు నిద్ర" అని పేరు పెట్టి వేయండి. పొదుపు మెనూ అని పేరు పెట్టకండి. పప్పు, పచ్చడి, మజ్జిగ ఎప్పుడూ మెనూ బయట ఉంచుకుంటే చెప్పకుండా వచ్చినవాడికి అవి చాలు. వడ్డించేది మీ ఆవిడే కానక్కర్లేదు, మీకూ చేతులున్నాయి.

కాడుగోడి_కుర్రోడు:
ఆదివారం వంట నాదే, తెలియకుండా మాట్లాడకండి. వచ్చే నెల షీటు ఇక్కడే పెడతా, పాల వరస తీసేసి.

పద్మక్క_మడివాళ:
మిగతావి తీసేసినా పర్లేదు, పాల వరస ఉంచండి.